అద్దంలో కనిపించేలా నిలబడు

"ఎడమకి! ఎడమకి తిప్పండి! అయ్యో, నా ఎడమ కాదండీ, మీ ఎడమ!"

లైనా పికప్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఎవరు మీరు? ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"ఎవరూ పిలవలేదు. ట్రైలర్ వెనక్కి పెడుతుంటే చేతులూపడం ఇక్కడి మర్యాద."

"ఆ మర్యాద ఇంకెవరికైనా చెయ్యండి. తప్పుకోండి."

ఉత్తర మిషిగన్‌లోని హెరాన్ సరస్సు క్యాంపులో శనివారం మధ్యాహ్నం ఇంతకు మించిన వినోదం లేదు. సెలవులకి ముందుగా దిగిన కుటుంబాలన్నీ తమ బళ్ల ముందు మడతకుర్చీలు వేసుకుని, బీరు డబ్బాలు పట్టుకుని, పక్కన కుక్కల్ని కట్టేసుకుని, కొత్తగా వచ్చినవాళ్ల తిప్పలు చూస్తూ కూర్చుంటాయి. ఆడమనిషి ఒక్కతే స్టీరింగ్ పట్టుకుందంటే ఇక చెప్పనక్కర్లేదు. మగాళ్లందరూ లేచి కాకుల్ని తోలినట్టు చేతులూపుతారు.

నిరుటిదాకా ఇక్కడ ఈ ట్రైలర్‌ని, ఈ చక్రాల ఇంటిని, పెట్టింది లైనా తండ్రి. రెండు పైన్ చెట్ల మధ్య, సరస్సులో ఏరు కలిసే చోట, ఒక్క ఊపులో పెట్టేసి టోపీ ఎత్తి అందరికీ దండం పెట్టేవాడు. "బండి అద్దంలో కనిపించనివాడి మాట వినకు" అనేవాడు. చలికాలంలో ఆయన పోయాడు. ట్రైలర్ అమ్మేయమని అక్క చెప్పింది. ఒంటరిగా నీవల్ల కాదని చుట్టుపక్కలవాళ్లూ చెప్పారు. లైనా అందరికీ తలూపి, పికప్‌కి ట్రైలర్ తగిలించుకుని, తండ్రి కుక్కని పక్కసీట్లో ఎక్కించుకుని వచ్చేసింది. ఈ ఒక్క వారం, ఇదే చోట. మరేమీ కోరుకోలేదు.

మూడుసార్లు వంకరపోయింది. నాలుగోసారి వెనకదీపం పైన్ చెట్టుకు రాసుకుంది కానీ ట్రైలర్ లోపలికి వెళ్లింది. ఎవరో చప్పట్లు కొట్టారు. లైనా దిగి, లేని టోపీని ఎత్తింది.

చేతులూపిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. "నా పేరు వెస్లీ. ఈ క్యాంపు మా నానమ్మది. మీ దూడ పేరేంటి?"

కారునలుపు న్యూఫౌండ్‌లాండ్ కుక్క పికప్‌లోంచి దిగి ఒళ్లు విదుల్చుకుంది. పొడవాటి చొంగ ఒకటి వెస్లీ ప్యాంటుకు అంటుకుంది.

"పాస్టర్. నీళ్లలో మనిషి కనిపిస్తే చాలు, రక్షించాల్సిందే. అడిగినా సరే, అడగకపోయినా సరే."

"అయితే మేమిద్దరం ఒకే జాతి."

లైనాకి నవ్వొచ్చింది. అతనికి కనపడకుండా కుక్క మెడపట్టీ సర్దసాగింది.

మర్నాడు కట్టెల మోపు తెచ్చానంటూ వచ్చాడు. ఆ మర్నాడు వాన పడుతుంటే, మాంసం, దుంపలు పెట్టి కాల్చిన వేడివేడి పేస్టీలు కోటులో దాచుకుని వచ్చాడు.

"కట్టెలు కొనుక్కున్నాను. వంటా వచ్చు నాకు" అంది లైనా.

"తెలుసు. నేను సాయానికి రాలేదు. వానకి వచ్చాను."

"వాన మీ ఇంటిదగ్గర లేదా?"

"ఉంది. కానీ అక్కడ చొంగ కార్చేవాళ్లెవరూ లేరు."

ట్రైలర్ పందిరి కింద కూర్చుని ఇద్దరూ పేస్టీలు తిన్నారు. వెస్లీ శీతాకాలమంతా ఊళ్లో హైస్కూలు పిల్లలకు ఈత నేర్పుతాడట. మాటల మధ్య ఎప్పుడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎవరు ముందన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

కొంప మునిగింది మంగళవారం పొద్దున్న.

వెస్లీ నానమ్మ ఇర్మాకు డెబ్బై ఎనిమిదేళ్లు. రోజూ ఆవిరిగదిలో చెమటపట్టి, తిన్నగా సరస్సులోకి దిగి, ఏటిమూతి దగ్గరి రెల్లుదాకా ఈది వస్తుంది. ఆ పొద్దున్న లైనా గుడ్లు వేయిస్తూ ఉండగా పాస్టర్ మెడపట్టీలోంచి తల లాగేసుకున్నాడు. ఆమె కేకేసేలోపే నీళ్లలో ఉన్నాడు. ఇర్మా చేతిని నోట మెత్తగా పట్టుకుని, ఆవిడ పిడికిలితో గుద్దుతున్నా వదలకుండా, ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. క్యాంపంతా కాఫీ కప్పులతో నిలబడి చూసింది.

ఆవిడ ఒంటిమీద గీత కూడా పడలేదు. కానీ కొడుకు రాయ్, అంటే వెస్లీ తండ్రి, పరుగున వచ్చి అందరిముందూ అన్నాడు: "చూశావా అమ్మా? నీకు వయసైపోయిందని కుక్కకి కూడా అర్థమైంది. ఇక ఈత చాలు."

ఇర్మా మొహం ఎర్రబడింది. "ఆ కుక్క రేపటికల్లా వెళ్లిపోవాలి. ఇకమీదట నా క్యాంపులో ఏ కుక్కా అడుగుపెట్టకూడదు."

ఆ మాట మళ్లీ చెప్పడానికి వెస్లీ లైనా దగ్గరికొచ్చాడు.

"మీ నానమ్మకి నువ్వేం చెప్పలేదా?"

"చెప్పాను. వినలేదు."

"కట్టు వదులుగా కట్టడం నా తప్పు, ఒప్పుకుంటాను. నన్ను తిట్టమను. అంతేగానీ వాణ్ని నేరస్తుడిలా ఎందుకు పంపాలి? ఇక్కడున్న కుక్కలన్నీ ఏం చేశాయి? అందరిమీదా చేతులూపుతావు, ఆవిడముందు మాత్రం జేబులో పెట్టుకుంటావా?"

వెస్లీ వెనుదిరిగి వెళ్లిపోయాడు.

తెల్లారి లైనా ట్రైలర్ తగిలించుకుని బయల్దేరింది. క్యాంపు గేటుదాకా పోలేదు. ఇర్మా ఇంటిముందు, దారికి అడ్డంగా ఆపి, తాళాలు జేబులో వేసుకుని, పాస్టర్ తాడు పట్టుకుని దిగింది. వెనక బళ్లు ఆగిపోయాయి. హారన్లు మోగాయి.

ఇర్మా తువ్వాలు చుట్టుకునే వసారాలోకి వచ్చింది. "తియ్యి బండి!"

"తియ్యను. మీరు ముసలివారని వీడు లాగలేదు ఇర్మా గారూ. ఎవరినైనా లాగుతాడు. మా నాన్నని లాగాడు. నన్ను లాగాడు. నీళ్లలో ఉన్నవాళ్లందరూ తెలివితక్కువవాళ్లని వీడి నమ్మకం. నాతో కూడా అందరూ నీవల్ల కాదన్నారు. ఆ మాట ఎంత మండుతుందో నాకు తెలుసు. కానీ మీకు ఆ మాట అన్నది కుక్క కాదు."

ఇర్మా కళ్లు చిన్నవయ్యాయి. "కబుర్లు బాగానే చెప్తావు పిల్లా. రుజువేంటి?"

ధబీమని చప్పుడైంది. వెస్లీ చొక్కా విప్పి చెక్కవంతెన మీదనుంచి సరస్సులోకి దూకాడు. దూసుకుపోతున్నాడు చేపలా. లైనా తాడు వదిలింది. కాసేపట్లో ఈత మాస్టారు, నిక్కరు పాస్టర్ పళ్లకి చిక్కి, వెనక్కి వెనక్కి ఒడ్డుకొచ్చాడు.

"వదలరా! పతకాలున్నాయిరా నాకు!" అని అరుస్తున్నాడు. "చూశావా నానమ్మా? నాకూ వయసైపోయిందట!"

కుర్చీలవాళ్లు విరగబడి నవ్వారు. ఇర్మా నవ్వలేదు. కొడుకువైపు తిరిగింది. "రాయ్, నువ్వు దిగు."

"నేనెందుకమ్మా? నీళ్లు చల్లగా..."

"దిగు."

బూట్లతోనే దిగాడు రాయ్. మోకాళ్ల లోతు దాటాడో లేదో, చొక్కా కాలరు పాస్టర్ నోట్లో ఉంది. అప్పుడు నవ్వింది ఇర్మా. వసారా స్తంభం పట్టుకుని, ఊపిరాడక, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"కుక్కలు ఉంటాయి. నా ఈతా ఉంటుంది" అంది చివరికి. "నేను నీళ్లలో ఉన్నప్పుడు నువ్వు వాడి తాడు పట్టుకుని ఒడ్డున కూర్చో. వాణ్ని చూడు, నన్ను కాదు."

"అలాగే."

"ఆ తడిసిన రెండోవాణ్ని కూడా నువ్వే చూసుకో. ఒడ్డున పడేసుకున్నది నువ్వేగా." తువ్వాలు మనవడి మొహాన విసిరి ఆవిడ నీళ్లవైపు నడిచింది.

లైనా బండి తిప్పుకుని రెండు పైన్ చెట్ల దగ్గరికి వచ్చేసరికి మడతకుర్చీలు బారులు తీరి ఉన్నాయి. వెస్లీ దూరంగా, నీళ్లోడుతూ, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వెస్లీ!"

"తప్పుకునే ఉన్నాను తల్లీ!"

"కనిపిస్తోంది. ఇటు రా. అద్దంలో కనిపించేలా నిలబడు."

అతను గబగబా వచ్చి వెనకాల ఓ పక్కగా నిలబడ్డాడు. "చేతులూపనా?"

"ఊపావంటే పాస్టర్‌ని వదుల్తాను."

"మరేం చెయ్యను?"

"ఊరికే ఉండు. అంతే. ఇంటికొచ్చేవాళ్లకి వాకిట్లో ఎవరో ఒకరు ఉండాలిగా."

ట్రైలర్ మెల్లగా వెనక్కి కదిలింది. అదే పైన్ చెట్టుకు మళ్లీ రాసుకుంది. కుర్చీల్లోంచి పది గొంతులు ఎడమంటే ఎడమన్నాయి, కుడంటే కుడన్నాయి.

అద్దంలో ఉన్న మనిషి మాత్రం నోరు మెదపలేదు. చేతులు కట్టుకుని, చలికి పళ్లు టకటకలాడిస్తూ, ఆమెనే చూస్తూ నవ్వుతున్నాడు.

లైనా బండి ముందుకు తీసి మళ్లీ మొదలుపెట్టింది.