లోపల: ఒకరు

ఆ ఆఫీసు కింది అంతస్తులో బ్యాటరీల గది అంటే కాపలావాళ్లకు కూడా హడల్. దాని తలుపుకు వీపు పెట్టి ఎవరూ నిలబడేవారు కాదట. మంటలార్పే గ్యాసు ఉత్తపుణ్యానికి విడుదలై, ముసలి ఎలక్ట్రీషియన్ అందులోనే ఊపిరాడక పోయాడు. అలారం మోగింది... పైన కూర్చున్న సూపర్‌వైజరు అదేమిటో చూడకుండానే దాని నోరు నొక్కేశాడు.

ఇప్పటికీ అతని పద్ధతి అదే. "ఏయ్, మోగితే ఆపెయ్. వివరాలు తవ్వావో, ఇంటికి పంపిస్తా" అని అలారాల కంప్యూటర్ చూసే ఆపరేటరమ్మాయిని రోజూ కసిరేవాడు.

అలారం ఎక్కడ, ఎందుకు మోగిందో తెర మీద చూపించే కమాండ్లు ఆమెకు నేర్పింది ఆ ముసలాయనే. ఎంత చిన్న అలారం మోగినా, "వివరాలు చూశావా, తల్లీ?" అనేవాడు. ఆయన పోయినప్పటి నుంచీ ఆమెకు సూపర్‌వైజరంటే ఒళ్లు మంట.

ఆ రాత్రి అలారం మోగింది. పక్క గదిలో సూపర్‌వైజరు గురక పెడుతున్నాడు. ఆమె గబగబా కమాండ్ కొట్టింది. నల్లటి తెర మీద అక్షరాలు ఒక్కో వరుసే వచ్చాయి —

బ్యాటరీల గది.

తలుపు లోపల్నుంచి తెరుచుకోవడం లేదు.

లోపల: ఒకరు.

"సార్..." పక్క గదిలోకి కేకేసింది. "లోపల ఎవరో ఉన్నారు..."

"నీ మొహం! ముసలాడు లోపలికి పోతూ కార్డు గీకాడే గానీ, బయటికొస్తూ గీకలేదు. ఆ లెక్కే మిగిలిపోయింది. చూడొద్దన్నానా? రేపట్నుంచి రాకు!"

సెన్సరు పీకేస్తానంటూ విసురుగా కిందికి దిగాడు. కాసేపటికి దడేలున తలుపు మూసుకున్న చప్పుడు... మళ్లీ అలారం. ఆమె కమాండ్ కొట్టింది.

లోపల: ఇద్దరు.

గ్యాసు విడుదలకు సిద్ధం.

అలారం నోరు నొక్కే మీట వేలి కిందే ఉంది. నొక్కి ఊరుకుంటే పీడ విరగడవుతుంది, ఉద్యోగమూ నిలుస్తుంది. ఒక్క క్షణం ఆశపడింది కూడా... అంతలో తన మీద తనకే అసహ్యం వేసి, తాళంచెవి లాక్కుని పరుగెత్తింది.

తలుపు తీయగానే సూపర్‌వైజరు తూలుతూ బయటపడ్డాడు. వెనకాలే తలుపు దానంతటదే మూసుకుంది. అతను ఆమె భుజం పట్టుకుని మెట్లెక్కాడు. చెయ్యి చల్లగా ఉంది. ఒక్క తిట్టూ తిట్టలేదు.

పైన అలారం ఇంకా మోగుతూనే ఉంది. ఆమె మళ్లీ కమాండ్ కొట్టింది.

బయటికి వచ్చినవారు: ఎలక్ట్రీషియన్.

లోపల: సూపర్‌వైజరు.

గ్యాసు విడుదలైంది.

వెనక నుంచి సూపర్‌వైజరు గొంతు, మెల్లగా, ముద్దుగా —

"వివరాలు చూశావా, తల్లీ?"