అక్క ఇంట్లోనే ఉంది

మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద, మూడు గదుల్లో పెట్టారు ఆ చిన్న ప్రదర్శన. మెట్ల దగ్గర ఇంకా సిరా వాసన పోలేదు. సాయంత్రం ముసురు పట్టడంతో, చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే గొడుగులు విప్పుకుని వెళ్లిపోతున్నారు. అప్పుడు వచ్చింది ఆవిడ, ఆసుపత్రిలో డ్యూటీ దిగి, నర్సు బట్టల్లోనే.

ప్రదర్శన పెట్టింది ఆమె తమ్ముడి స్నేహితుడు, పెయింటరు. తమ్ముడు చేసిన ఆఖరి కళాకృతి చివరి గదిలో ఉందన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు. అడిగినా బాగుండేది అనిపించింది ఆమెకు.

గది మధ్యలో ఒక తలుపు. చుట్టూ గోడ లేదు, వెనక ఇల్లు లేదు. గుమ్మంతో సహా ఒంటరిగా నిలబడి ఉంది. వెలిసిన ఆకుపచ్చ రంగు, వంకరపోయిన ఇత్తడి పిడి... అచ్చం ఆమె ఇంటి తలుపే. పక్కన చీటీ మీద దాని పేరు: "అక్క ఇంట్లోనే ఉంది."

వాడికి తెలుసన్నమాట.

ఆ రాత్రి వాడు తలుపు కొడుతుంటే ఆమె దీపం ఆర్పేసి లోపలే నిలబడింది. వాడొస్తే తెల్లవార్లూ కబుర్లే. ఒళ్లు హూనమై ఉంది, రేపు మాట్లాడొచ్చులే అనుకుంది. చాలాసేపు కొట్టి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే అద్దెగదిలో, జ్వరంతో, ఒక్కడే పోయాడు. ఎందరి నుదుటి మీదో పడ్డ ఆమె చెయ్యి వాడి నుదుటి మీద పడనేలేదు.

పక్కగదిలో పెయింటరు దీపాలు ఆర్పుతున్నాడు. ఆమె తలుపుకి వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

"తప్పయిపోయిందిరా."

టక్... టక్...

చప్పుడు వీపుకి తగిలింది. అటువైపు నుంచి. పెయింటరు దగ్గు పక్కగదిలోనే వినిపిస్తోంది. అతను కాదు. తడిబట్టల వాసన... దాని వెనక జ్వరపు ఒంటి వాసన. ఆమెకు బాగా తెలిసిన వాసన.

"అక్కా... తియ్యవే."

పిడి చేతికి అందేంత దూరంలోనే ఉంది. తిప్పాలనే అనుకుంది. చెయ్యి లేవలేదు. ఊపిరి బిగబట్టింది... మళ్లీ. ఆ రాత్రి లాగే.

చప్పుడు ఆగిపోయింది.

పెయింటరు పాతగుడ్డ పట్టుకుని వచ్చాడు. ఆమె పక్కకి జరిగింది.

"రోజూ మూసేవేళకి ఈ తలుపు చెమరుస్తుందక్కా. అటువైపు రెండు అరచేతులు ఆనించినట్టు మరకలు పడతాయి. చెక్క పచ్చిదేమో."

చుట్టూ తిరిగి అటు వెళ్లాడు. ఇవాళ పొడిగానే ఉందే అని గొణిగాడు. ఇటు వచ్చి ఆగిపోయాడు.

మరకలు ఇటువైపు ఉన్నాయి. తడి ఇంకా కిందికి జారుతోంది. రెండు అరచేతులు, ఎడంగా. ఇప్పటిదాకా ఆ రెంటి మధ్యే నిలబడి ఉంది ఆమె.