హవల్దార్ గారి ప్లేటు

ఆకలి చైతన్యను చాలాసార్లు ఇబ్బంది పెట్టింది గానీ, చనిపోయిన మనిషి ప్లేటు ముందు కూర్చోబెట్టడం మాత్రం అదే మొదటిసారి.

తప్పంతా తాతది. మాజీ సైనికుడు కురుమూర్తి పొద్దున్నే మెడల్స్ తగిలించుకుని, "వనపర్తి చర్చిల మా మిలిటరీ దోస్తులందరికి దావతున్నది, బండి తియ్యి!" అంటూ మనవణ్ణి టిఫిన్ కూడా తిననివ్వకుండా పెద్దమందడి నుంచి లాక్కొచ్చాడు. వచ్చీ రాగానే తాత లోపల ప్రార్థనకు పోయాడు. బయట షామియానా కింద ఒకే ఒక్క ప్లేటు. బగారన్నం, మటన్, పైన మూలుగతో నిండిన ఇంత నల్లిబొక్క. కుర్చీ ఖాళీ.

చైతన్య కూర్చున్నాడు. దాదాపు అంతా ఊడ్చేశాక, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఓ సారూ! ఆ కుర్చీల నిన్నెవరు కూసోమన్నరు?"

గంటె పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. కోపంతో ముక్కు ఎర్రబడింది. ఆ ముక్కు కూడా బాగుందనిపించిందంటే, కుర్రాడికి కడుపు నిండినట్టే లెక్క.

"ఎవ్వరూ అనలే. ఖాళీగ ఉంటేనూ..."

"అది మా డాడీ ప్లేటు!"

"అయ్యో, సారీ అండి! అంకుల్ వచ్చేలోపల ఇంకోటి పెట్టుకొస్త."

"రాడు. పోయి మూడేండ్లయింది."

నోట్లో ముద్ద లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

ఆమె పేరు వసంత. తండ్రి హవల్దార్ యోహాను, "యుద్ధం నుంచి దేవుడు నన్ను పానంతోటి ఇంటికి తెచ్చిండు, ఊకె కూసుంటే ఎట్ల?" అని నెలకో ఆదివారం మాజీ సైనికులందరికీ చర్చిలో వండిపెట్టేవాడు. ఆయన పోయాక కూతురు ఆ పని ఆపలేదు. మొదటి ప్లేటు ఆయన పేరున పెడతారు. ముసలి జవాన్లంతా దానికి సెల్యూట్ కొట్టాక, ఆ ప్లేటు ఆకలితో గేటు దగ్గరకొచ్చిన వాళ్లకిస్తారు. ఆ తర్వాతే మిగతావాళ్లకు వడ్డన.

ఆ రోజు సెల్యూట్ కొట్టడానికి బొక్కలే మిగిలాయి.

రిటైర్డ్ సుబేదార్ అబ్దుల్ వహాబ్ అక్కడికక్కడే కోర్టు పెట్టాడు. "జవాన్! నెలనెలా వచ్చి గిన్నెలు తోమాలె. వసంత బేటీ చాలన్నదాక!"

"నా మనుమడని సూడకు సాబ్, పెద్ద పెద్ద వంట గంజులు గూడ తోమించు!" అన్నాడు తాత మహా సంతోషంగా.

మొదటి నెల చైతన్య తిట్టుకుంటూ వచ్చాడు. రెండో నెల ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"గిన్నెలు తోమనీకె సెంటెందుకు?" అంది వసంత.

"గంజులకు మంచి వాసన రావాలె గద."

ఒక ఆదివారం వాన దంచికొడితే, ఇద్దరూ ఒకే టార్పాలిన్ పట్టుకుని బగారన్నం గంజును కాపాడారు. మధ్యలో ఉన్నందుకు చైతన్యకు ఆ గంజు మీద చాలా కోపం వచ్చింది. అప్పట్నుంచీ అతనికి ఒకటే భయం. వసంత ఎప్పుడు "చాలు" అంటుందో!

అననే అంది. లోపల ప్రార్థన నడుస్తోంది, చైతన్య ప్లేట్లు కడుగుతున్నాడు.

"ఇగ చాలు చైతన్యా. వచ్చే నెల రాకు."

చైతన్య చేతిలో ప్లేటు బకెట్లోకి జారింది. "తోముడు సక్కగ లేదా?"

"అది గాదు. అమ్మ సంబంధాలు చూస్తున్నది. వచ్చినోళ్లంత పెండ్లయినంక ఈ వంటలు బంద్ చెయ్యాలంటున్నరు. డాడీ పని ఎట్ల బంద్ చేస్త? వద్దన్న. నువ్వు గిట్ల ఎదురుంగ ఉంటే ఇంక పరేషానైతుంది."

"ఎవరికి?"

"తెల్వదు. ప్లేట్లు కడుగు!"

సబ్బు చేతులతోనే లేచి నిలబడ్డాడు. "బంద్ చెయ్యమన్నోన్ని చేసుకోకు వసంతా. నన్ను చేసుకోకున్నా సరే, ఇది మాత్రం ఆపకు. నన్ను చేసుకుంటె పొయ్యి గూడ నేనే ముట్టిస్త. నువ్వంటే నాకు పానం."

వసంత గంటె తీసుకుని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. ప్రార్థన అయింది. వణికే చేతులన్నీ ఒక్కసారి లేచి హవల్దార్ యోహానుకు సెల్యూట్ కొట్టాయి. వసంత ప్లేటు తీసుకుని గేటు వైపు నడిచింది. సగం దూరంలో ఆగింది. వెనక్కొచ్చి అదే కుర్చీ ముందు పెట్టింది.

"కూసో," అంది చైతన్యతో. కళ్లల్లో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వుంది. "ఈసారి సెల్యూట్ అయినంకనే పెడుతున్న."

తాత ఈల వేశాడు. "కోర్టు తీర్పు మారింది," అన్నాడు వహాబ్. "యావజ్జీవం!"

చైతన్య భయపడుతూ పొయ్యి దగ్గరున్న వసంత తల్లి వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, ప్లేటులోకి తొంగి చూసింది.

"ఒక్కటే ఏసినవేంది బిడ్డా? అల్లునికి ఇంకో నల్లిబొక్క ఎయ్యి!"