రోసమ్మ టీచరమ్మ రాసిచ్చిన చీటీలు

ఆ ఇంటిని రోజూ నిద్రలేపేది కుట్టుమిషను. రెజిమెంటల్ బజారు వెనక సందులో మూడో గుమ్మం దర్జీ ఇమాం వలిది. తెల్లవారుజామున నమాజు చేసుకుని వచ్చి మిషను ముందు కూర్చున్నాడంటే, ఆ టకటకలు సందు చివర కుళాయి దాకా వినిపించేవి. నలభైతొమ్మిది ఫిబ్రవరిలో ఆ శనివారం ఉదయం సందంతా మంచు కమ్ముకుని ఉంది. మెట్టుగూడ వైపు నుంచి రైలు కూత దుప్పటి కప్పుకున్నట్టు మెత్తగా వచ్చింది.

గడపలో వలి తల్లి అక్బర్ బీ చాయ్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. కునుకు పడితే చాలు, ఆమెకు ఒకటే కల. నల్లటి కాగితపు రేకులు గాలిలో లేచి పెంకుల మీదికి, అక్కణ్ణుంచి ఇంకా పైకి పోతుంటాయి. కాసేపటికి అవే తెల్లబడి, ఎర్రసిరా రాతతో, నెమ్మదిగా దిగివచ్చి మిషను మీద వాలుతుంటాయి. ఆమె ఒక్కొక్కటే ఏరుకుని లెక్కపెడుతుంది. పదిహేడు దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు పిలుస్తారు. పద్దెనిమిదోది ఇంతవరకూ చేతికి అందలేదు.

ఆ పూట పిలిచింది కోడలు ఖమర్ బీ.

"అత్తమ్మా, చాయ్ సల్లారిపోయింది. ఇటియ్యిండ్రి, జెర వేడి చేసిస్తా."

అక్బర్ బీ ఉలిక్కిపడి గిన్నె అందించింది. కోడలి కళ్ళలోకి మాత్రం చూడలేదు. ఐదు నెలలుగా ఆమె ఆ కళ్ళలోకి చూడటం మానేసింది.

లోపలినుంచి వలి గొంతు వినిపించింది. "ఇయ్యాల టీచరమ్మ కొడుకు శేఖర్ బాబు వస్తనన్నడు. ఆ డబ్బా మల్లొకసారి చూడరాదు?"

"ఎన్నిసార్లు చూడాలె? ఉత్త డబ్బాల చీటీలు మొలుస్తయా?"

"మొలవయి. ఉన్నయి పోకుండ చూస్కోవాలె, ఇంటి ఆడది."

ఇదిగో, ఈ మాట దగ్గరే ఆ ఇంట్లో రోజూ ముల్లు గుచ్చుకునేది. మొగుళ్ళకు ఎంత సులువో చూడండి, పోయిన ప్రతిదానికీ ఇంట్లో ఒక మనిషి దొరుకుతుంది. ఖమర్ బీ పెదవి కొరుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ కిందట ఈ మిషను కొనడానికి వలికి రెండు వందల కల్దారు, అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయలు అప్పిచ్చింది రోసమ్మ టీచరమ్మ. పక్కవీధిలో ఉండేది, క్రైస్తవ మిషనరీల బడిలో పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకున్న మనిషి. వడ్డీ మాటెత్తలేదు. నెలకు పది చొప్పున కట్టమంది. కట్టినప్పుడల్లా పిల్లల పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రసిరాతో "పది రూపాయలు ముట్టినవి" అని రాసిచ్చేది. వలి రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఎక్కడో ఆమె పెట్టె అడుగున ఉండేది, దాని వెనక జమ రాయాలన్న ధ్యాస ఆమెకూ లేదు, వీళ్ళకూ లేదు. పద్దెనిమిది నెలలు పద్దెనిమిది చీటీలు వచ్చి ఒక బిస్కట్ల డబ్బాలో చేరాయి.

తరవాత రజాకార్ల గడబిడ, బజారు బందు, సెప్టెంబరులో పోలీసు చర్య. ఊరు సర్దుకున్నాక చూస్తే డబ్బాలో ఒక్క కాగితం లేదు. టీచరమ్మ ఉన్నన్నాళ్ళూ వలి పెళ్ళాన్ని సాధించడమే తప్ప, బాకీ గురించి ఎవరూ కంగారుపడలేదు. డిసెంబరులో, క్రిస్మసుకు వారం ముందు, ఆమె ఆస్పత్రిలో కన్నుమూసింది. బెజవాడలో రైల్వే గుమాస్తాగా ఉన్న కొడుకు జ్ఞానశేఖర్ వచ్చి పెట్టె తీస్తే, అడుగున వలి సంతకంతో రెండు వందల నోటు కనిపించింది.

మంచు విడిచే వేళకు జ్ఞానశేఖర్ రానే వచ్చాడు. వెనకాల తోపుడుబండితో హమాలీ వీరయ్య. బండిని చూడగానే అది మిషను కోసమేనని వలికి అర్థమైపోయింది.

"వలీ, పోట్లాటకు రాలేదు నేను," అన్నాడు జ్ఞానశేఖర్ గడప బయటే నిలబడి. "అమ్మ ఆస్పత్రి బాకీ అలాగే ఉంది. సమాధి ఖర్చు అప్పు తెచ్చి పెట్టాను. చచ్చిపోయినావిడ పేరున బాకీ మిగలకూడదని నా తాపత్రయం. నువ్వేమో కట్టేశానంటున్నావు. ఒక్క చీటీ చూపించు. ఒక్కటంటే ఒక్కటి."

"పద్దెనిమిది ఉండె బాబూ. ఖుదా మీద ఒట్టు. ఇంక రెండు నెలలయే కట్టాలె, అది నేను కాదంటలే."

"ఉన్నవి ఏమయ్యాయి మరి?"

ఏం తోచనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు వలి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పు ఆయనకు! ఊడ్సి పారేసినవో, పొయ్యి ముట్టిచ్చినవో! మిషను పోతే రేపటిసంది ఏం తింటం? చెప్పవేందీ?"

ఖమర్ బీ చేతిలో గిన్నె కింద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"ఐదు నెలలసంది చెప్తున్న, నేను తియ్యలే, నేను పారెయ్యలే. నా మాట నువ్వే నమ్మకుంటే, ఈయన నీ మాట ఎట్ల నమ్ముతడు? మిషను పోతే మల్ల కొనుక్కుంటం. నీ దగ్గర నా మాట పోయింది కద, అదెక్కడ కొనాలె? ఇయ్యాల్నే మా అన్న ఇంటికి పోతున్న."

దండెం మీది చీరలు రెండు లాగి మూట కట్టసాగింది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే వలి ఏదో ఒకటి అని సర్దేవాడేమో. వీరయ్య బండి దగ్గరే తల వంచుకుని నిలబడ్డాడు.

గడపలో అక్బర్ బీకి ఇదంతా కలలోలాగే ఉంది. ఎండ మంచులోంచి పాలలా కారుతోంది, మనుషుల మాటలు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నాయి. మూట ముడి బిగిసిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడింది. ఆమె గోడ పట్టుకుని లేచింది.

"మూట విప్పు బేటీ. నేనే కాల్చిన."

వలి తల్లి వైపు తిరిగాడు.

"నేనే కాల్చిన్రా, వలీ. మిలిటరీ వచ్చిందన్న రోజు. రజాకార్లు దుకాన్ దుకాన్ తిరిగి చందా గుంజుకపోలే? నీ దగ్గర రెండు రూపాయలు తీస్కొని కాగితం ఇయ్యలే? ఆ కాగితం ఎవరింట్ల దొరికితే వాండ్లను పట్కపోతరని బజారంత ఒకటే మాట. నువ్వు ఇంట్ల లేవు, ఇది నీళ్ళకు పోయింది. నాకు చదువు రాదాయె. డబ్బా తెరిస్తే అన్నిట్ల చీమలు పారినట్టు రాతే. టీచరమ్మయి ఎర్రగ ఉంటయని ఎరుకే. కని, ఒక్కటి మిగిలిచ్చినా అదే ఆ కాగితమైతదేమో అని భయం. అన్నీ పొయ్యిల ఏసిన."

"అమ్మా..." అన్నాడు వలి. "మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్దామనుకునేలోపల నువ్వు దీన్ని తిట్టుడు షురూ చేసినవ్. ఇయ్యాల చెప్తా, రేపు చెప్తా అనుకున్న. రోజులు పోయినకొద్ది నోరు రాలే. నా పాపం ఇది మోసింది." కోడలి వైపు తిరిగి, ఐదు నెలల తరవాత మొదటిసారి ఆ కళ్ళలోకి చూసింది. "నన్ను తిట్టు బేటీ. ఏమన్న అను, పడ్త."

ఖమర్ బీ చేతిలో మూట అలాగే ఉంది. కానీ ఇంతసేపూ రాని నీళ్ళు అప్పుడొచ్చాయి.

జ్ఞానశేఖర్ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మా, మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనను. కానీ బూడిదను సాక్ష్యంగా ఎలా తీసుకోను?"

"ఆ పైసలు నేనే పట్కపోయి ఇస్తుంటి బాబూ. ప్రతి నెల మొదటి శనివారం. పది చేతిల పెట్టంగనే మీ అమ్మ ఒకటి తీసి కొంగుకు ముడేస్కునేది. ఒకరోజు అడిగితి, అదేందమ్మా వేరే పెట్టినవని. 'ఇది దేవుడిది అక్బర్ బీ, రేపు చర్చిలో ఇవ్వాలి' అన్నది. నీ అప్పు నీకొస్తే మధ్యల దేవునికెందుకమ్మా అని నవ్వితి. తను సుత నవ్వింది. 'ఇచ్చింది తిరిగొచ్చిందంటే ఆయన పంపినట్టే కదా' అన్నది."

జ్ఞానశేఖర్ ముఖం మారిపోయింది. దశమభాగం! వచ్చినదాంట్లో పదోవంతు దేవుడిది. పెరట్లో కోడి పది గుడ్లు పెడితే ఒకటి పక్కన తీసి, అడిగినా అట్టు వేసి పెట్టని తల్లి గుర్తొచ్చింది. ఈ మాట ఎవరూ కల్పించలేరు. ఆ ఇంట్లో పెరిగినవాడికి అది తెలుసు.

"వీరయ్యా, బండి తీసుకెళ్ళిపో," అన్నాడు. "వలీ, రేపు ఆరాధన అయ్యాక వస్తాను."

ఆ రోజు మిషను మళ్ళీ తిరగలేదు. వలి మధ్యాహ్నం దాకా తలుపు దగ్గర కూర్చుని, చివరికి లేచి తనే పొయ్యి రాజేసి చాయ్ పెట్టాడు. పాలు పొంగి సగం పొయ్యిలో పోయాయి. మిగిలింది తీసుకెళ్ళి ఖమర్ బీ ముందు పెట్టి, "తప్పయింది," అన్నాడు. ఆమె గుక్క తాగి, "చక్కెర సుత మర్చినవ్," అంది. మూట అప్పటికి విప్పలేదు గానీ మంచం కిందికి తోసేసింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. జ్ఞానశేఖర్ తెల్లచొక్కాతోనే, చర్చి నుంచి నేరుగా వచ్చాడు. ఈసారి గడప దాటి లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"దేవానందం గారని మా సంఘ పెద్ద, కానుకల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. అమ్మ పేరు కింద పింఛను దశమభాగం ఒక వరసలో ఉంది. పక్కనే ఇంకో వరస. 'వలి ఇంటి నుంచి వచ్చినదానిలో, ఒక రూపాయి.' అలాగే రాయమని పట్టుబట్టేదట." అతను వలి వైపు తిరిగాడు. "ఇరవై ఉన్నాయి వలీ."

వలి వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. ఒప్పుకుంటే అక్కడితో బాకీ తీరిపోతుంది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"లేదు బాబూ, మేం కట్టింది పద్దెనిమిదే. జూలై, ఆగస్టు కట్టలే. బజారు బందాయె, కుట్టు లేకుండె."

"ఆ రెండు నెలలు సుత నేను పోయిన," అంది అక్బర్ బీ మెల్లగా. "ఉత్త చేతులతోటి. 'పరేషాన్ కాకు, చాయ్ తాగి పో' అన్నది."

జ్ఞానశేఖర్ తల వంచుకున్నాడు. ఉత్త చేతులతో వచ్చిన మనిషికి చాయ్ ఇచ్చి పంపి, మర్నాడు తన పింఛనులోంచి రూపాయి తీసి, వలి ఇంటి నుంచి వచ్చిందని రాయించింది తల్లి. రాని డబ్బును వచ్చినట్టే రాసుకుంది. ఆ ఇంటికా తను బండి తీసుకొచ్చింది! అతను చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తల్లి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

అక్బర్ బీ అతని వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

తేరుకున్నాక నోటు తీసి, వెనక "పూర్తిగా చెల్లు" అని రాసి సంతకం చేశాడు. మిగిలిన ఇరవై రూపాయలు తీసుకొమ్మని వలి ఎంత బతిమాలినా వినలేదు. "అమ్మ ముట్టిందన్నదాన్ని నేనెలా వసూలు చేస్తాను?" అన్నాడు.

"అయితే ఆస్పత్రి బాకీల ఇరవై మాది," అన్నాడు వలి. "నెలకు పది. టీచరమ్మ మాకు సుత మనిషే కద."

దానికి జ్ఞానశేఖర్ కాదనలేకపోయాడు.

అతను వెళ్ళాక వలి ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని భార్య ముందుకు వచ్చాడు. "నువ్వే దాయి. ఇగ ఏది పోయినా నిన్ను ఒక్క మాటన్ననంటే నా నాలుక కోసెయ్యి."

ఖమర్ బీ కాగితం అందుకుంది. ఖాళీ డబ్బా వైపు చూసింది, ఆ తరవాత గడప వైపు చూసింది. వెళ్ళి అక్బర్ బీ చేతిలో పెట్టి, వేళ్ళు ముడిచింది.

"అత్తమ్మా, ఇది మీ దగ్గరుండనియ్యిండ్రి."

"నాకా? మల్ల కాలుస్తనేమో బేటీ!"

"కాలిస్తే కాల్చుండ్రి. అందరికీ ఎరుకైనంక ఇగ భయమేంది?"

అక్బర్ బీ ఆ కాగితాన్ని గుండెకు అదుముకుని కోడలి భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఖమర్ బీ ఆమె తల నిమురుతూ గడపలోనే కూర్చుండిపోయింది. లోపల వలి మిషను చక్రం మీద చెయ్యి వేశాడు, టకటకలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ చప్పుడు వింటూ ముసలామె అలాగే, కోడలి భుజం మీదే, కలలేని కునుకులోకి జారుకుంది.