డ్రమ్స్ ఎవరు పెంచారు?

"మైకులు తీసుకుని వెళ్లిపో. నాతో మాట్లాడకు."

డ్రమ్స్ విప్పుతున్న అమ్మాయి తల ఎత్తకుండానే అంది. కార్ల షెడ్డు రేకుల మీద వాన దంచికొడుతోంది. మైక్‌సెట్ అబ్బాయి తడిసి ముద్దై గుమ్మంలోనే నిలబడ్డాడు.

వానాకాలంతో మొదలైన రాక్ బ్యాండు వానాకాలం పోకముందే పోయింది. పాట, గిటారు ఆమె అన్నయ్యవి. డ్రమ్స్ ఆమెవి. బేస్ గిటారు పక్క సందులో టైలరుది. రిహార్సల్స్ అన్నయ్య రిపేరు షెడ్డులోనే, ఇంజన్ ఆయిల్ వాసనలో. తీరా మొదటి షోలో జనానికి డ్రమ్స్ తప్ప ఇంకేమీ వినిపించలేదు. "నన్ను తొక్కెయ్యడానికే అలా బాదావు!" అని అన్నయ్య అందరి ముందూ అరిచి, బ్యాండు మూసేశాడు. ఎప్పటిలాగే కొట్టానని ఆమె మొత్తుకున్నా వినేవాడేడీ? తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"నువ్వు గట్టిగా కొట్టలేదు," అన్నాడు మైక్‌సెట్ అబ్బాయి.

"ఆ సంగతి నాకు తెలీదా?"

"నేనే పెంచాను."

ఆమె చెయ్యి ఆగింది. "ఏం పెంచావు?"

"నీ మైకుల సౌండు. కావాలని కాదు. నువ్వు కొడుతుంటే ఇంకొంచెం వినాలనిపించింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పైకి తోసేశాను. మీ అన్నయ్య పాడుతున్న సంగతే మర్చిపోయాను."

డ్రమ్ స్టిక్ ఒకటి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

"అన్నయ్య నన్ను తిడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు కదా!"

"భయమేసింది."

"ఎవరంటే? అన్నయ్యంటేనా?"

"నువ్వంటే."

నవ్వు రాబోయింది. పళ్లు బిగించి ఆపుకుంది. "నడు. ఆ ముక్క వాడికి చెప్పు."

అన్నయ్య షెడ్డు అవతలి చివర ఓ కారు కింద ఉన్నాడు. విన్నంతసేపూ కాళ్లు మాత్రమే కనిపించాయి. తర్వాత గ్రీజు మొహంతో బయటికొచ్చాడు.

"మా చెల్లి నచ్చితే నాకు చెప్పి ఏడవాలి గానీ, నా గొంతు నొక్కడమేంట్రా!"

"తప్పయిపోయింది బాస్."

అన్నయ్య చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "నిన్ను అలా అనకుండా ఉండాల్సిందే," అన్నాడు చెల్లెలితో.

"అందరి ముందూ అన్నావు."

"అందరి ముందూ చెప్తాలే."

"అందరూ ఎక్కడున్నారు? టైలరు వేరే బ్యాండులో చేరిపోయాడుగా!" ఆ బ్యాండంటే ఆమెకు ప్రాణం. "మీరిద్దరూ కలిసి నా బ్యాండును మింగేశారు."

అన్నయ్య గోడకున్న గిటారు అందుకున్నాడు. ఆమె విసవిసా వెళ్లి, సగం విప్పిన డ్రమ్స్ మళ్లీ బిగించింది. మైక్‌సెట్ అబ్బాయి సౌండు మిక్సర్ వైపు అడుగేశాడు.

"దాని జోలికి వెళ్లకు! ఎంత గట్టిగా కొట్టాలో నాకు తెలుసు. నా సౌండు పెంచడానికి నువ్వెవరివి? చేతులు కట్టుకుని విను."

అతను చేతులు కట్టుకున్నాడు. మైకు లేకుండానే ఆమె కోపమంతా తీరేలా కొట్టింది. వాన చప్పుడు వినిపించలేదు గానీ, అన్నయ్య పాటలో ప్రతి మాటా వినిపించింది.

"రేపు రావచ్చా?" అని అడిగాడు మైక్‌సెట్ అబ్బాయి, పాట అయ్యాక.

"రేపు కూడా కోపంగానే ఉంటాను," అంది ఆమె చెమట తుడుచుకుంటూ. "పెందలాడే రా."