పదకొండింటి సాక్ష్యం

నరేందర్ మీద నవనీతకున్న ఫిర్యాదు ఒక్కటే.

మొగుడు మంచివాడే. లెక్కల మాస్టారు. తాగడు, అరవడు. కానీ వెనక జీపు తరుముకొస్తున్నా సరే... మలుపు దగ్గర ఇండికేటర్ వేస్తాడు!

టిక్... టిక్... టిక్...

"ఎవరికండీ ఆ లైటు? మనం ఎటు పోతున్నమో వెనకోనికి చెప్పనీకా?"

"రూల్ రూలే, నవనీతా."

"నలభై దాటకుండ పోవుడు గూడ రూలేనా? జర రేజ్ ఇయ్యుండ్రి!"

నరేందర్ రేజ్ ఇచ్చాడు. నలభై రెండు.

పెబ్బేరు వెనకబడింది. టైమ్ తొమ్మిదీ యాభై. పదకొండింటికి గద్వాలలో ఎంక్వైరీ. ఈ రోజే ఆఖరి రోజు.

అద్దంలో తెల్ల జీపు... పెద్దదవుతోంది!

నవనీత హ్యాండ్‌బ్యాగును గుండెకు అదుముకుంది. లోపల షార్ట్‌హ్యాండ్ పుస్తకం.

ఆమె కోర్టులో స్టెనో. జడ్జి నోరు కదిలితే ఆమె పెన్సిల్ కదులుతుంది. పన్నెండేళ్ళ అలవాటు. చెవికీ చేతికీ మధ్య బుర్రకు పనే లేదు.

ఆ అలవాటే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది.

డెబ్బై రోజుల కింద... సాంసన్ అనే కూలీ వాయిదాకు ఆలస్యంగా వచ్చాడు. ముంబై పని నుంచి రైలు దిగి, నేరుగా కోర్టుకే. బెయిలు మీద ఉన్నవాడు. కొడుకు కన్నా ముందు తల్లి శాంతమ్మ నోరు తెరిచింది.

"సారూ, రైలు లేటయింది..."

అంతే!

జడ్జి లేచాడు. ఫైలు విసిరాడు. ఆమెను కులం పెట్టి తిట్టాడు. నిండు కోర్టులో!

నవనీత పెన్సిల్ ఆగలేదు. తిట్లతో సహా రాసుకుంటూ పోయింది.

తర్వాత ఆయన గ్లాసెడు నీళ్ళు తాగి, చల్లగా ఆర్డర్ చెప్పాడు. "ముద్దాయి కోర్టును బెదిరించాడు. బెయిలు రద్దు."

సాంసన్ పెదవి కూడా కదపలేదు. అదీ నవనీతకు తెలుసు. అయినా టైప్ చేసింది.

సాంసన్ ఇంకా జైల్లోనే ఉన్నాడు.

శాంతమ్మ పై కోర్టుకు ఫిర్యాదు రాయించింది. జడ్జి మీద ఎంక్వైరీ పడింది. ఆ రోజు కోర్టులో ఉన్నవాళ్ళంతా ఒకే మాట చెప్పారు... మాకేం వినిపించలేదని. అంతమందికి ఒకేసారి చెవుడు! మిగిలింది ఈ పుస్తకం. ఇది చేరకపోతే ఎంక్వైరీ క్లోజ్. సాంసన్ గతి అంతే.

ధడ్!

జీపు వెనక నుంచి కారును గుద్దింది. బండి ఊగింది. బీచుపల్లి బ్రిడ్జి మీద రెయిలింగుకు జానెడు దూరంలో ఆగింది. కింద కృష్ణ.

జీపు అడ్డంగా నిలబడింది. దిగినవాణ్ణి నవనీత గుర్తుపట్టింది. ఉదయ్ కిరణ్. జడ్జిగారి బామ్మర్ది.

చొక్కా అంచు ఎత్తి చూపించాడు. పిస్టల్!

"అక్కా, పుస్తకం ఇయ్యి."

"ఏ పుస్తకం?"

"పరాచికాలా? మాస్టారుకు పిల్లల్ని కొట్టుడే వచ్చు, దెబ్బలు తినుడు రాదు. ఇయ్యి!"

"నేను పిల్లల్ని కొట్టను," అన్నాడు నరేందర్. ఆ సమయంలో కూడా!

పిస్టల్ మాస్టారి కణతకు ఆనింది.

నవనీత బ్యాగు తెరిచింది. పుస్తకం ఇచ్చేసింది.

"ఫోటోలు గూడ తీసే ఉంటవు. ఫోన్లు తియ్యుండ్రి. ఇద్దరివీ!"

పుస్తకం గాల్లో తెరుచుకుంది. దాని వెనకే రెండు ఫోన్లు. కృష్ణ మింగేసింది.

"ఇగ పోయి ఏం చెప్పుకుంటవో చెప్పుకో పో."

జీపు వెళ్ళిపోయింది.

నరేందర్ మెల్లగా అడిగాడు. "ఇంటికి పోదమా?"

"గద్వాలకే."

"చేతిల ఏం లేదు గదా?"

"నోరు ఉంది. పోనియ్యుండ్రి!"

ఈసారి మీటరు ఎనభై దాటింది. ఎర్రవల్లి చౌరస్తాలో ఇండికేటర్ ఊసే లేదు.

పదీ యాభై ఏడు.

ఎంక్వైరీ జరిగే గెస్ట్‌హౌస్ మెట్ల మీద శాంతమ్మ. ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "బిడ్డా... పుస్తకం తెచ్చినవా?"

నవనీత చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచింది.

బల్ల వెనక ఎంక్వైరీకి వచ్చిన పెద్ద జడ్జి మేడమ్. పక్కన కుర్చీలో ఆ తిట్టిన జడ్జి. ఇస్త్రీ చొక్కా, చిరునవ్వు. వెన్న ముద్ద!

"పుస్తకం ఉందని కబురు పంపారు. ఏదీ?" అడిగింది పెద్ద జడ్జి.

"కృష్ణల ఉంది మేడమ్. ఈయన బామ్మర్ది ఇసిరేసిండు."

ఆయన జాలిగా తల ఊపాడు. "చూశారా మేడమ్? కథలు! ఒక్కటే అడగండి. ఆ ఆర్డర్ టైప్ చేసింది ఆమే. కింద ఆమె పొట్టి సంతకం ఉంది. ఆర్డర్ నిజమైతే ఇప్పుడు అబద్ధం చెప్తోంది. ఆర్డర్ అబద్ధమైతే ఆ రోజు తెలిసే అబద్ధం టైప్ చేసింది. ఏదో ఒకటి ఒప్పుకోమనండి."

ఉచ్చు!

ఎటు లాగినా మెడకే.

నవనీత కళ్ళు మూసుకుంది. రాసిన చెయ్యి మరిచిపోలేదు. ఆ రోజు జడ్జి తిట్టిన మొదటి మాట చెప్పింది. రెండోది. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడ ఆగి, ఎక్కడ బల్ల గుద్దాడో అక్కడ గుద్ది... శాంతమ్మ కులం దాకా వచ్చింది.

"ఏయ్! నోర్ముయ్!"

వెన్న కరిగిపోయింది! ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నా కోర్టులో నిలబడి నన్నే... అటెండర్! దీన్ని బయటికి గెంటు!"

ఎవరూ కదల్లేదు.

అది ఆయన కోర్టు కాదు.

ఆ సంగతి ఆయనకు ఆలస్యంగా తట్టింది. చూపుడు వేలు గాల్లోనే ఉండిపోయింది.

"కూర్చోండి," అంది పెద్ద జడ్జి. గొంతు పెంచలేదు. నవనీత వైపు తిరిగింది. "ఆయన కోపం నేను చూశాను. కానీ ఆయన ప్రశ్న అలాగే ఉంది. దానికి జవాబు చెప్తే మీ మీద కూడా ఎంక్వైరీ పడుతుంది. ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆ ఆర్డర్ నిలుస్తుంది. ఆలోచించుకోండి."

కిటికీ ఊచల అవతల శాంతమ్మ ముఖం.

పన్నెండేళ్ళ నౌకరీ. ఒక్క మాట!

"ఆర్డర్ అబద్ధం మేడమ్. సాంసన్ ఒక్క మాట గూడ అనలే. నాకు తెల్సు. తెల్సే టైప్ చేసిన, తెల్సే సంతకం పెట్టిన. సారు తిట్టిండని అందరికీ చెప్పనీకి వచ్చిన గానీ... ఆ పిల్లగాన్ని లోపల ఏసింది నా చేతులు గూడ."

బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది.

"తప్పు చేసిన మేడమ్. రాసుకోండి."