సీఆర్‌పీ ఆరు

“మీ మావయ్యని చంపాలి, టైటస్.”

గూఢచారి విభాగం చీఫ్ కనకలక్ష్మి ఈ మాట టీ కలుపుకుంటూ అంది. దీవిలోని ఫీనిక్స్ బే జెట్టీలో ఫెర్రీ టికెట్ల కౌంటర్ వెనక గది అది. తలుపు మీద ‘లగేజ్ క్లెయిమ్స్’ అని బోర్డు. ఆ తలుపు తట్టినవాళ్లెవరికీ ఇంతవరకూ పోయిన లగేజీ దొరకలేదు.

టైటస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“కూర్చో. కాగితం మీద చంపాలంటున్నా.” ఫైలు తెరిచింది. “రాజబాబు. యాభై ఎనిమిదేళ్లు. షిప్ రేడియో మెకానిక్. ఆరేళ్లు మన నేవీ షిప్పుల కదలికలు విదేశీ ముఠాకి అమ్మాడు. పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసిన మర్నాడు లొంగిపోయాడు. ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులు. సోమవారం ఫ్లైట్. ఢిల్లీలో పదిమందిని నిలబెడితే ముఠా నాయకుణ్ని వేలెత్తి చూపించాలి. వాడి మొహం తెలిసిన సాక్షి ఇతనొక్కడే.”

“తెలుసు మేడమ్. లొంగిపొమ్మని బతిమాలింది నేనే.”

“తెలియంది విను. వాళ్ల కిల్లర్ ఊళ్లో దిగాడు. కోడ్‌నేమ్ డాల్ఫిన్. మనిషెవరో తెలీదు. వాడు ఆగింది ఒక్క బ్లడ్ రిపోర్ట్ కోసం. సీఆర్‌పీ, ఆల్బుమిన్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ రేషియో. ఒంట్లో లోలోపల మంట ఎంత రగులుతోందో చెప్పే అంకెలవి. పేగు క్యాన్సర్ కోసిన తర్వాత మనిషి ఎంతకాలం నిలుస్తాడో వాటితో అంచనా కడతారు. అంకెలు చెడ్డవైతే వాళ్లు కదలరు. ఎలాగూ పోయేవాణ్ని చంపి తమ మనిషిని బయటపెట్టుకోరు. మంచివైతే మాత్రం సోమవారం దాకా ఉండనివ్వరు. నాకు చెడ్డ అంకెలు కావాలి.”

టైటస్ బయటికొచ్చాడు. తండ్రి సముద్రంలో పోయాక అతనికి అన్నం పెట్టి చదివించింది ఆ దేశద్రోహే. దాన్ని ఏ ఫైల్లో రాస్తారు?

శుక్రవారం ఉదయం టైటస్ బ్లడ్ కలెక్షన్ బాయ్ వేషంలో మావయ్య ఉన్న ఆస్పత్రి వార్డులోకి వెళ్లాడు. నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఐస్ బాక్స్. బాక్సు అడుగున అగ్గిపెట్టెంత ప్రింటర్. ఏ ల్యాబ్ రిపోర్టైనా సంతకంతో సహా అచ్చుగుద్దినట్టు దింపుతుంది. ఆస్పత్రి రక్తపరీక్షలు చేసే ల్యాబు ఓనరు నాన్సీ. పగడం రంగు చీర, నల్ల కళ్లద్దాలు, మనిషి కంటే ముందొచ్చే సెంటు. రిపోర్టులు ముఠాకి చేరేసేది ఆవిడే, ఆ సంగతి మనకి చెప్పేదీ ఆవిడే. నాన్సీ ఎవరి మనిషో నాన్సీకే తెలియాలి.

టైటస్ అసలు రిపోర్ట్ చూశాడు. సీఆర్‌పీ ఆరు. ఆల్బుమిన్ మూడు పాయింట్ తొమ్మిది. రేషియో రెండు. ఆపరేషన్‌కి ముందు భయపెట్టిన అంకెలన్నీ ఇప్పుడు మంచి వైపు తిరిగాయి.

“ఇది జాతకం కాదు బాబూ,” అన్నాడు సర్జన్. “ఇలాంటి అంకెలున్నవాళ్లు వందమందిలో చాలామంది బాగుంటారు. మీవాడు ఆ చాలామందిలో ఒకడా కాదా అన్నది అంకె చెప్పదు. ఐదేళ్లకి హామీ ఇమ్మంటే నేనివ్వను. ప్రస్తుతానికి మాత్రం సంతోషించండి.”

సంతోషించే టైమెక్కడ! ప్రింటర్ కిర్రుమంది. సీఆర్‌పీ నూట నలభై రెండు. ఆల్బుమిన్ రెండు పాయింట్ మూడు. రేషియో పదకొండు. నాన్సీ కళ్లద్దాలు పైకెత్తి చూసి, “పాపం మీ మావయ్య,” అని ఫోన్ నొక్కింది. గంటలో ముఠా నుంచి జవాబొచ్చింది: వెయిట్. చీఫ్ వార్డు దగ్గర గార్డుల్ని కూడా తీసేసింది. చచ్చేవాడికి కాపలా పెడితే ఎవడికైనా అనుమానం వస్తుంది కదా.

అన్నీ కుదిరాయి. చెడగొట్టింది మన హీరోగారే.

శనివారం సాయంత్రం సారా అత్త వార్డు మెట్ల మీద కూర్చుని ఉంది. దొంగ రిపోర్ట్ ఫైల్లో చూసేసింది. ఏడవడం కూడా మానేసింది.

“టైటస్, రేపు చర్చి కమిటీవాళ్లని అడుగుతావేటి నాన్నా? సమాధుల తోటలో మీ అమ్మ పక్కన చోటుంది. మీ మావయ్యకి అక్కడిమ్మని.”

గన్నులకీ కత్తులకీ తట్టుకున్నవాడు ఈ మాటకి తట్టుకోలేకపోయాడు. చెవిలో చెప్పేశాడు. “అత్తా, అది అబద్ధపు కాగితం. ఇదిగో అసలుది. మావయ్య బాగున్నాడు. ఎవరికీ చెప్పకు. చెప్తే చంపేస్తారు.”

“నాకేటి పిచ్చా? ఎవలికీ చెప్పను.” ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆదివారం. జంగ్లీఘాట్ తెలుగు చర్చి. నెలలో మొదటి ఆదివారం కాబట్టి బల్లారాధన, ముందు రొట్టె, తర్వాత గిన్నెలో ద్రాక్షరసం పంచుకునే రోజు. ఆరాధన అవగానే వార్డుకెళ్లాలి కాబట్టి టైటస్ ఐస్ బాక్సు పక్కన పెట్టుకుని చివరి వరసలో ఉన్నాడు. ప్రకటనల్లో సెక్రటరీ చదివాడు: “ఆరాధన తర్వాత పాస్టరు అయ్యగారు ఆస్పత్రికి వెళ్లి సహోదరుడు రాజబాబుకి బల్ల ఇస్తారు.” ఆ తర్వాత సాక్ష్యాలు, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకోవడం. ముందు వరసలోంచి సారా అత్త లేచింది. చేతిలో కాగితం.

వద్దత్తా, వద్దు! టైటస్ సగం లేచాడు.

“నా భర్త రక్తంలో సీఆర్‌పీ నూటముప్పై ఉండేదండి. ప్రభువు కృప, ఇప్పుడు ఆరు! ఆల్బుమిన్ మూడు పాయింట్ తొమ్మిది! డాక్టరుగారే ఆశ్చర్యపోయారండి. స్తోత్రం!”

“స్తోత్రం!” అని చర్చి మొత్తం దద్దరిల్లింది. మూలనున్న ఫోన్ స్టాండులోంచి అదంతా లైవ్‌లో పోతోంది.

టైటస్ పరిగెత్తుకెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఎవరికీ చెప్పనన్నావు కదత్తా!”

“ఎవలికి చెప్పాను? దేవుడికి సాక్ష్యం చెప్పుకున్నాను. మేలు పొంది నోరు మూసుకుంటారేటి? ఈళ్లంతా మనోళ్లే కదా!”

జేబులో ఫోన్ మోగింది. నాన్సీ. “మీ అత్త లైవ్ నేనొక్కదాన్నే చూడట్లేదు. డాల్ఫిన్‌కి ఆర్డర్ వచ్చేసింది. నేను ల్యాబ్ నుంచి బయల్దేరాను. నువ్వూ రా.”

టైటస్ ఐస్ బాక్సు అందుకుని బయటికి దూకాడు. వెనక అయ్యగారు ప్రసంగం అందుకుంటున్నారు. ఆటో ఎక్కి ఆస్పత్రి నంబరు కొడితే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. చీఫ్ పంపిన టీమ్ పదిహేను నిమిషాల దూరంలో ఉంది.

“భయ్యా, జల్దీ! ప్రాణం మీదికొచ్చింది!”

“ఏటి చెయ్యమంటావు భయ్యా, రాస్తా పూరా జామ్. ఫెర్రీ దిగిన జనం.”

ఆటో దిగి ఎండలో, ఎత్తు రోడ్డు మీద, ఐస్ బాక్సు ఊపుకుంటూ పరిగెత్తాడు. ప్రభువా, నా నోరు పడిపోను. నేను చెప్పకపోతే ఆమె చెప్పేదే కాదు. అన్నం పెట్టినవాణ్ని నేనే చంపుకున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యెత్తాడు. “ఆరామ్‌సే భయ్యా. మీ పాస్టర్ సాబ్ అభీ, ఇప్పుడే పైకెళ్లారు.”

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టి పావుగంట కాలేదు. పన్నెండున్నరకి ముందు ముగించిన చరిత్ర ఆయనకి లేదు.

మూడేసి మెట్లు ఎక్కాడు. వార్డులోంచి మావయ్య నీరసపు గొంతు వినిపించింది.

“ముందు గిన్నేటండి అయ్యగారూ? రొట్టి యిరిసినాక కదండి గిన్ని. నలబై ఏళ్లయి తీసుకుంతన్నాను.”

“హడావుడిలో రొట్టె మర్చిపోయానండి. ముందు ఇది తాగండి.”

“అయ్యో, పర్లేదండి. ఆ డబ్బాలో బిస్కట్లున్నాయి. కరోనా అప్పుడు ఇళ్లల్లో అలాగే చేసినాం. కొత్తయ్యగారు కామోసు మీరు. ప్రార్థన చెయ్యండి ముందు.”

తెల్ల అంగీ మనిషికి ప్రార్థన వస్తే కదా! ఓర్పు చచ్చింది. ఎడమచేత్తో రాజబాబు దవడ పట్టి నోరు తెరిచాడు. కుడిచేతిలో బుల్లి గ్లాసు పెదాలకి ఆనింది.

టైటస్ ఐస్ బాక్సు విసిరాడు. గ్లాసు ఎగిరి గోడకి తగిలి ముక్కలైంది. డాల్ఫిన్ అంగీ ఎత్తిపట్టి తలుపు వైపు ఉరికాడు. తలుపులో సెంటు వాసన. నాన్సీ తొణక్కుండా హ్యాండ్‌బ్యాగు తిప్పి వాడి ముక్కు మీద కొట్టింది. వాడు చాపలా పరుచుకున్నాడు. తర్వాత ఆ బ్యాగు తెరిస్తే రెండు పిస్టళ్లు, మూడు పాస్‌పోర్టులు కనిపించాయి.

“ఎవరి తరఫున కొట్టావు?” రొప్పుతూ అడిగాడు టైటస్.

“ఈ పూటకి మీ తరఫున,” అంది.

టైటస్ మంచం పక్కన కూలబడి మావయ్య పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారం ఫ్లైటెక్కారు. మంగళవారం ఢిల్లీలో, వీల్‌ఛైర్లోంచి చెయ్యెత్తి, వరసలో ఏడోవాణ్ని చూపించాడు రాజబాబు.

కారిడార్‌లో అడిగాడు. “నాకెన్నాళ్లు జైలు ఎయ్యొచ్చురా?”

టైటస్ తల దించుకున్నాడు. “సాక్షిగా వచ్చావు కాబట్టి తగ్గిస్తారు మావయ్యా. అయినా ఏడేళ్లు తప్పవేమో.”

రాజబాబు ముఖం విచ్చుకుంది. ఆపరేషన్ తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

“డాక్టరుగారు అయిదేళ్లకే మాటివ్వలేదురా. జడ్జీగారు ఏడేళ్లకి రాసిస్తానంటే, వద్దనకండని మన వకీలుకి చెప్పు.”